స్కోర్‌బుక్‌లో ఎక్స్‌ట్రాల గడి

మా క్లబ్ పదమూడేళ్ల లోపు జట్టుకు స్కోరర్‌గా కూర్చోవడం నాకు ఇది రెండో సీజన్. గడిచిన నెల రోజుల్లో మా పిల్లలు నాలుగు మ్యాచ్‌లు ఆడి, మూడింటిలో ఓడి, ఒకదానిలో గెలిచారు. ఫలితాల పట్టిక చూసినవారికి ఇంతకు మించి తెలిసేదేమీ ఉండదు. అయితే పడిన ప్రతి బంతికీ పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టినవాడిగా, ఈ నాలుగు మ్యాచ్‌ల అసలు కథ బ్యాటర్ల పేర్ల ఎదురుగా కాక, వాటన్నిటికీ అడుగున ఎక్స్‌ట్రాలు అని రాసి ఉండే చిన్న గడిలో, అంటే బ్యాట్‌తో కొట్టకుండా వచ్చిన పరుగుల గడిలో, ఉందని నాకు అనిపిస్తోంది.

స్కోర్‌బుక్ చూసే అలవాటు లేనివారి కోసం ముందుగా గుర్తుల సంగతి చెప్పాలి. పరుగు రాని బంతికి చుక్క పెడతాం. బ్యాటర్‌కు అందనంత దూరంగా పోయే వైడ్‌కు కూడిక గుర్తు, నియమం తప్పి వేసిన నోబాల్‌కు సున్నా, బ్యాట్‌కూ ఒంటికీ తగలకుండా దాటిపోయిన బంతికి వచ్చే బైకి త్రిభుజం, బ్యాట్‌కు కాక ఒంటికి తగిలిన బంతికి వచ్చే లెగ్ బైకి తలకిందుల త్రిభుజం వేస్తాం. వైడ్ బంతి కీపర్‌ను కూడా దాటి బౌండరీకి వెళ్తే ఆ కూడిక గుర్తు నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు చేరి, మొత్తం ఐదు పరుగులు అవుతాయి. ఓవర్ ఆరు బంతులూ చుక్కలే అయితే వాటిని కలిపి ఎమ్ అక్షరంగా గీస్తాం, అదే మెయిడెన్. రెండు జట్ల స్కోరర్లమూ పక్కపక్కనే కూర్చుని ఎప్పటికప్పుడు లెక్క సరిచూసుకుంటాం. అంపైర్ సంజ్ఞ చేసినప్పుడల్లా, చూశామని చెయ్యెత్తి తెలుపుతాం. మేము తెలిపేదాకా అంపైర్ తర్వాతి బంతి వేయనివ్వకూడదని నిబంధనే ఉంది. మైదానంలో నాకున్న అధికారం మొత్తం అంతే కాబట్టి, దాన్ని నేను కాస్త గంభీరంగానే వాడుకుంటాను.

మొదటి మ్యాచ్ 25 ఓవర్లది. టాస్ గెలిచిన ప్రత్యర్థులు 141 పరుగులు చేశారు, మేము 120 దగ్గర ఆగిపోయాం. ఇంటికి వెళ్లేటప్పుడు పిల్లలందరూ బ్యాటింగ్ గురించే బాధపడ్డారు: ఫలానా షాట్ ఆడకుండా ఉండాల్సింది, ఫలానా సింగిల్ తీసి ఉండాల్సింది అనే మాటలే వినిపించాయి. ఆ రాత్రి నేను పుస్తకం తీసి చూస్తే, ప్రత్యర్థి జట్టులో ఎక్కువ పరుగులు చేసిన బ్యాటర్ స్కోరు 31 కాగా, మేమిచ్చిన ఎక్స్‌ట్రాలు 38 ఉన్నాయి. అందులో వైడ్లు 25. ఒకటి బౌండరీకి పోవడంతో వాటి వల్ల వచ్చిన పరుగులు 29 అయ్యాయి. వైడ్‌తో వచ్చే నష్టం ఆ ఒక్క పరుగుతో తీరదు, ఆ బంతిని మళ్లీ వేయాలి. అంటే మా పిల్లలు నాలుగు ఓవర్లకు పైగా అదనంగా బౌలింగ్ చేశారు, ఆ అదనపు బంతుల్లో ఎదుటివారు కొట్టిన పరుగులు ఎక్స్‌ట్రాల గడిలో కాక బ్యాటర్ల ఖాతాలో చేరాయి. 21 పరుగుల తేడాతో ఓడిన మ్యాచ్‌లో ఇంకెక్కడ వెతకాలి?

అలాగని ఈ వయసు పిల్లలు వైడ్లు వేయడంలో వింతేమీ లేదు. పెద్దలు ఆడే బంతి బరువు దాదాపు 156 గ్రాముల నుంచి 163 గ్రాముల వరకు ఉంటుంది. పదమూడేళ్ల లోపు వారికి అంతకంటే చిన్న బంతిని, సుమారు 133 నుంచి 144 గ్రాముల బంతిని వాడతారు. పూర్తి పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. ఆ దూరం తమ ఎత్తుకూ బలానికీ మించినది కావడంతో పిల్లలు బంతిని అక్కడిదాకా చేర్చడానికే ఒళ్లంతా విసిరేస్తారు, ఆ విసురులో దిశ తప్పుతుంది. అందుకే చాలా పోటీల్లో వయసును బట్టి పిచ్‌ను కొంత కుదిస్తారు. దీనికి తోడు మా పోటీలో ఒక బౌలర్ ఐదు ఓవర్లకు మించి వేయకూడదు. ఎదిగే వయసులో ఫాస్ట్ బౌలర్లకు నడుము దగ్గరి వెన్నుపూసల్లో ఒత్తిడి వల్ల పగుళ్లు ఏర్పడే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఇలాంటి పరిమితులు పెట్టారు, అది సరైన పనే. కాని దాని ఫలితంగా 25 ఓవర్లు పూర్తి చేయడానికి కనీసం ఐదుగురు బౌలర్లు కావాలి. ఇద్దరు బాగా వేసేవారితో నెట్టుకొద్దామంటే కుదరదు.

మా బౌలర్లలో అందరికంటే వేగంగా వేసే పన్నెండేళ్ల అబ్బాయి ఒక్కడే ఆ రోజు తొమ్మిది వైడ్లు వేశాడు. టీవీలో చూసే ఫాస్ట్ బౌలర్ల మాదిరిగా పద్దెనిమిది అడుగుల (అంగల) దూరం నుంచి పరుగెత్తుకొస్తాడు. క్రీజుకు చేరేసరికే సగం ఆయాసం వస్తుంది, ఎడమ భుజం ముందుగానే పక్కకు వాలిపోతుంది, బంతి లెగ్ సైడ్‌కు జారుకుంటుంది. మా కోచ్ వాడి బౌలింగ్ యాక్షన్ జోలికి వెళ్లకుండా రన్నప్‌ను పదకొండు అడుగులకు తగ్గించి, సున్నంతో గుర్తు పెట్టి, ఆ వారమంతా బ్యాటర్ లేకుండా ఒక్క స్టంప్‌కే బౌలింగ్ చేయించారు. మొదటి రెండు రోజులు ఆ అబ్బాయి మొహం చిన్నబుచ్చుకునే ఉన్నాడు. పదకొండు అడుగులంటే స్పిన్నర్ల రన్నప్ అని వాడి అభ్యంతరం.

రెండో మ్యాచ్ గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు. మేము ముందు బ్యాటింగ్ చేసి 74 పరుగులకు ఆలౌటయ్యాం, అందులో మూడు రనౌట్లు. మూడూ ఒకే రకం: ఇద్దరు బ్యాటర్లూ బంతినే చూస్తూ నిలబడిపోవడం, ఇద్దరూ పిలవకపోవడం, తర్వాత ఇద్దరూ ఒకేసారి బయలుదేరడం. ఏడు వికెట్ల తేడాతో ఓడిపోయాం.

మూడో మ్యాచ్ మాత్రం ఇప్పటికీ నన్ను వదలడం లేదు. మేము 117 పరుగులు చేశాం, ఛేదనలో ప్రత్యర్థులకు చివరి నాలుగు ఓవర్లలో 22 పరుగులు కావాలి, చేతిలో మూడు వికెట్లున్నాయి. పదకొండు అడుగుల రన్నప్ అబ్బాయికి కెప్టెన్ బంతి ఇచ్చాడు. అప్పటికి వాడు మూడు ఓవర్లలో ఒక్క వైడే వేశాడు. ఓవర్ రెండో బంతికి పరుగెత్తుకొచ్చి, చెయ్యి పూర్తిగా తిప్పకముందే, తన వైపు నిలబడిన బ్యాటర్, అంటే నాన్‌స్ట్రైకర్, క్రీజు దాటి రెండడుగులు ముందుకు వెళ్లిపోవడం గమనించి, ఆగి బెయిల్స్ పడగొట్టి అప్పీల్ చేశాడు. అంపైర్ వేలెత్తారు. మరుక్షణం బౌండరీ చుట్టూ నిలబడిన పెద్దలు, మా వైపు వారు కూడా, గట్టిగా అరవడం మొదలుపెట్టారు. చిన్నపిల్లల ఆటలో ఇదేం పద్ధతి అని ఒకరు, ముందు హెచ్చరించాలి కదా అని మరొకరు అన్నారు. మా కెప్టెన్ బిక్కచచ్చిపోయి, అంపైర్ దగ్గరికి వెళ్లి అప్పీల్‌ను వెనక్కి తీసుకుంటానన్నాడు. అంపైర్ సమ్మతించి బ్యాటర్‌ను మళ్లీ క్రీజులోకి పంపించారు.

నిబంధనల ప్రకారం కెప్టెన్‌కు ఆ హక్కు ఉంది, అంపైర్ సమ్మతి ఉంటే చాలు. 1980లో బొంబాయిలో జరిగిన గోల్డెన్ జూబ్లీ టెస్టులో భారత కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్, క్యాచ్ ఔట్‌గా ప్రకటించిన ఇంగ్లండ్ బ్యాటర్ బాబ్ టేలర్‌ను ఇలాగే వెనక్కి పిలిచారు. టేలర్ ఆ తర్వాత బోథమ్‌తో కలిసి పెద్ద భాగస్వామ్యం నెలకొల్పారు, ఇంగ్లండ్ పది వికెట్లతో గెలిచింది, అయినా విశ్వనాథ్‌ను ఈనాటికీ ఆ పనికి మెచ్చుకుంటూనే ఉన్నారు. కాని ఆ రోజు టేలర్ బ్యాట్‌కు బంతి తగల్లేదని విశ్వనాథ్ నమ్మారు. అంపైర్ పొరపాటును ఆయన సరిదిద్దారు. మా మ్యాచ్‌లో పొరపాటు ఎక్కడుంది? నాన్‌స్ట్రైకర్ క్రీజులో లేడు, దానికి ఔట్ ఇచ్చారు. 1947లో సిడ్నీలో భారత బౌలర్ వినూ మన్కడ్ ఆస్ట్రేలియా బ్యాటర్ బిల్ బ్రౌన్‌ను ఇదే విధంగా రనౌట్ చేసినప్పటి నుంచి ఈ రకం ఔట్‌కు మన్కడ్ పేరు తగిలించి, ఏదో దొంగతనం చేసినట్లు మాట్లాడడం అలవాటైపోయింది; ఎదుటి జట్టు కెప్టెన్ బ్రాడ్‌మన్ మాత్రం తన ఆత్మకథలో మన్కడ్‌నే సమర్థించారు. 2022లో, క్రికెట్ నిబంధనలను రూపొందించే ఎంసీసీ ఈ అంశాన్ని అనుచిత ఆటకు సంబంధించిన 41వ నిబంధన నుంచి తీసి, రనౌట్‌కు సంబంధించిన 38వ నిబంధనలో చేర్చింది. ముందుగా హెచ్చరించాలని అందులో ఎక్కడా లేదు. పరుగు దొంగిలించబోయిన పిల్లవాడికి సానుభూతి దక్కి, కళ్లు తెరిచి ఆడిన పిల్లవాడికి చీవాట్లు దక్కడం నాకు న్యాయంగా తోచలేదు, ఆ మాట మా వాళ్లతో ఆ సాయంత్రం గట్టిగానే అన్నాను. కెప్టెన్‌ను తప్పుపట్టడం లేదు; పన్నెండేళ్ల పిల్లవాడు అంతమంది పెద్దల అరుపులకు ఎదురు నిలవాలని ఆశించడం అన్యాయం.

ఇంతకీ ఈ గొడవంతా స్కోర్‌బుక్‌లో ఎక్కడా కనిపించదు. బంతి వేయలేదు కాబట్టి అది ఓవర్‌లో లెక్కకు రాదు, వికెట్ వెనక్కి పోయింది కాబట్టి ఔట్ కూడా రాయడానికి వీల్లేదు. పక్కన కూర్చున్న ప్రత్యర్థి స్కోరర్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకుని పెన్సిళ్లు కింద పెట్టేశాం. అయితే ఆ తర్వాతి బంతి నుంచి అదే ఓవర్‌లో వరసగా మూడు కూడిక గుర్తులు పడ్డాయి. భుజం మళ్లీ వాలిపోయింది. మూడూ లెగ్ సైడ్‌కే పోయాయి, నాలుగో బంతిని కొట్టాల్సిన చోట కొట్టి బ్యాటర్ ఫోర్ తీసుకున్నాడు. ఐదు బంతులు మిగిలి ఉండగా మేము ఓడిపోయాం. ఆ అప్పీల్ జరిగిందనడానికి పుస్తకంలో మిగిలిన ఆనవాలు ఆ మూడు గుర్తులే.

నాలుగో మ్యాచ్‌కు వాన వల్ల మైదానం ఆలస్యంగా ఆరింది, ఓవర్లను 18కి తగ్గించారు. ఆట మొదలుకాకముందే తగ్గించడంతో లక్ష్యాన్ని సవరించే పని నా నెత్తిన పడలేదు, అదృష్టం. మేము ఆరు వికెట్లకు 88 చేశాం. ప్రత్యర్థులు 79 దగ్గర ఆగారు. మేమిచ్చిన ఎక్స్‌ట్రాలు తొమ్మిది: ఆరు వైడ్లు, రెండు లెగ్ బైలు, ఒక బై. ఓవర్లు తక్కువ కాబట్టి నేరుగా పోల్చకూడదు గాని, మొదటి మ్యాచ్‌లో ఓవర్‌కు ఒకటి చొప్పున పడిన వైడ్లు ఇక్కడ మూడు ఓవర్లకు ఒకటికి తగ్గాయి. బ్యాటింగ్ ఏమీ మెరుగుపడలేదు. తొమ్మిది పరుగుల తేడాతో గెలిచిన మ్యాచ్‌లో మా అత్యధిక స్కోరు 22 మాత్రమే.

పదకొండు అడుగుల అబ్బాయికి కోచ్ మొదటి ఓవరే ఇచ్చారు. ఐదు చుక్కలు పడ్డాయి, నాలుగో బంతి మాత్రం బ్యాటర్‌నూ కీపర్‌నూ దాటిపోవడంతో ఒక పరుగు వచ్చింది. నేను త్రిభుజం వేసి, ఓవర్ ముగిశాక దాన్నీ చుక్కలనూ కలిపి ఎమ్ గీశాను. ఇన్నింగ్స్ అయిపోగానే ఆ అబ్బాయి నా వెనక నిలబడి పుస్తకంలోకి తొంగిచూశాడు.

“అంకుల్, నాలుగో బంతికి పరుగు వచ్చింది కదా, మెయిడెన్ ఎలా అవుతుంది?”

వైడ్లు, నోబాళ్లు బౌలర్ ఖాతాలో పడతాయని, బైలు, లెగ్ బైలు పడవని, కాబట్టి అది మెయిడెనే అని చెప్పాను. అయితే ఆ పరుగు ఎవరి తప్పు అని అడిగాడు. అప్పుడే ప్యాడ్లు విప్పుకుంటున్న మా వికెట్‌కీపర్ అమ్మాయి లేచొచ్చి, తన బైలు మొత్తం ఎన్నో చూపించమంది. నాలుగు మ్యాచ్‌ల పేజీలూ తిప్పాను: ఆరు, నాలుగు, మూడు, ఒకటి. ఆ అమ్మాయి తగ్గుతున్న అంకెలను పట్టించుకోకుండా రెండో మ్యాచ్ పేజీ దగ్గర ఆగి, ఒక త్రిభుజం మీద వేలు పెట్టి, ఆ బంతి బ్యాటర్ ప్యాడ్‌కు తగిలి వెళ్లిందని, తనకు చప్పుడు వినిపించిందని, కాబట్టి అది తలకిందులుగా ఉండాలని వాదించింది. అంపైర్ మోకాలు ఎత్తి తట్టలేదని, అరచెయ్యి తలపైకి ఎత్తి చూపించారని, స్కోరర్ సంజ్ఞనే రాస్తాడు తప్ప చప్పుడును కాదని చెప్పాను. ఒప్పుకోలేదు. నేనూ మార్చలేదు.