బావ రిపోర్టులో ఐదు రెట్లు

నిద్ర పట్టక రాస్తున్నా. సాయంత్రం అక్క వాట్సాప్‌లో బావ హెపటైటిస్-బి రిపోర్టు పంపింది. "మీ బావకి వైరస్ ఐదు రెట్లయిందిరా" అని ఫోన్‌లో ఒకటే ఏడుపు. రక్తంలో వైరస్ లెక్క మార్చిలో 4,100. ఇప్పుడు 21,000.

పెరగలేదు. అప్పటిది మిల్లీలీటరుకి ఐయూల్లో (అంతర్జాతీయ యూనిట్లు), ఇప్పటిది కాపీల్లో (వైరస్ డీఎన్‌ఏ ప్రతులు). ఒక ఐయూ అంటే కిట్‌ని బట్టి మూడున్నర నుంచి ఆరు కాపీల దాకా. మామూలుగా 5తో భాగిస్తాం. అంటే 4,200, ఉన్నచోటే ఉంది. అసలు హెచ్‌బీవీ (హెపటైటిస్-బి వైరస్) డీఎన్‌ఏలో మూడు రెట్ల లోపు తేడాని, ల్యాబు భాషలో అర లాగ్ లోపు, మార్పు కింద జమ కట్టకూడదు.

ఒళ్లు మండేది ఆ యూనిట్ గురించే. అంకెని బోల్డులో అచ్చేసి, యూనిట్‌ని చీమ తలకాయంత అక్షరాల్లో మూలకి తోశారు. ల్యాబ్ మారినప్పుడు పాత రిపోర్టు ఏదని కౌంటర్లో ఒక్కరూ అడగలేదట. రిపోర్టుల్లో రాసే 'డిటెక్ట్ కాలేదు', '10 కంటే తక్కువ' కూడా ఒకటి కావు. రెండోదాంట్లో వైరస్ కనబడింది, కొలతకి అందలేదు.

బావ మొదటి చీటీ మీద 'ఆస్ట్రేలియా యాంటిజెన్ పాజిటివ్' అని ఉంది. "మనింట్లో ఆస్ట్రేలియా వెళ్లిందెవర్రా" అని అమ్మ బెదిరిపోయింది పాపం. అమెరికా శాస్త్రవేత్త బ్లంబర్గ్ 1960ల్లో ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో దాన్ని చూశాడు కనక ఆ పేరు. ఆయనకి 1976లో నోబెల్ వచ్చింది. ఇవాళ రిపోర్టుల్లో హెచ్‌బీఎస్‌ఏజీ అని రాసే వైరస్ పైపొర ప్రోటీన్ అదే. వైరస్ ఒంట్లో ఉందని చెబుతుంది కానీ, పాజిటివ్ అన్న ఒక్క మాటతో అది ఎంత చురుగ్గా ఉందో తెలీదు. 'e' యాంటిజెన్, అంటే వైరస్ జోరుగా పెరిగేటప్పుడు వదిలే ఇంకో ప్రోటీన్, నెగెటివ్ అని బావ ధీమా. ప్రీకోర్ అనే జన్యు భాగంలో మార్పు వచ్చిన వైరస్ ఆ యాంటిజెన్ తయారుచేయకుండానే పెరుగుతుంది, ఆ ధీమా పనికిరాదు.

"ఏం కాలేదు, పడుకో" అని అక్కకి మెసేజ్ పెట్టేశా. పెట్టాక మళ్లీ చూశా. ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 44. ల్యాబ్ హద్దు 45 కాబట్టి పక్కన హెచ్చరిక చుక్క లేదు. మార్చిలో 41. డబ్ల్యూహెచ్‌ఓ 2024 మార్గదర్శకాల్లో మగవాళ్లకి హద్దు 30, ఆడవాళ్లకి 19. డీఎన్‌ఏ 2,000 ఐయూ దాటి, ఎస్‌జీపీటీ 6–12 నెలల్లో రెండుసార్లు హద్దు మీద ఉంటే మందుల మాట ఎత్తాల్సిందే. బావకి రెండూ ఉన్నాయి. ఏం కాలేదని తొందరపడి అన్నాను.

పొద్దున్నే అక్కకి ఫోన్ చేయాలి. 21,000 పక్కన పెన్నుతో '4,200 ఐయూ' అని రాసి, ఎస్‌జీపీటీ గడి చుట్టూ సున్నా చుట్టి, రెండు రిపోర్టులూ డాక్టరుగారికి చూపించమనాలి.