పేయ్ కరుంబులో కలాం గారి స్మారకం

రామేశ్వరం వెళ్లే మనవాళ్లు 22 తీర్థాల స్నానం, దర్శనం, ధనుష్కోటి అయ్యాక తిరుగు రైలెక్కేస్తారు. మా ప్లానూ అదే. అబ్దుల్ కలాం స్మారకం చూడకుండా కదిలేది లేదని పట్టుబట్టింది మా బావ. ఆయనది సూళ్లూరుపేట. రాకెట్ లేచిన ప్రతిసారీ మేడెక్కి చూసిన మనిషి.

పేయ్ కరుంబు రామేశ్వరం ఊరికి కాస్త బయట, పాంబన్ నుంచి వచ్చే రోడ్డు పక్కనే ఉంది. 2015 జులై 27న షిల్లాంగ్‌లో విద్యార్థులతో మాట్లాడుతూ కుప్పకూలిన కలాం గారిని 30న ఇక్కడే ఖననం చేశారు. ఆయన పోయిన సరిగ్గా రెండేళ్లకు, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కట్టిన ఈ స్మారకాన్ని ప్రారంభించారు. ఇండియా గేట్‌లాంటి ముఖద్వారం, రాష్ట్రపతి భవన్‌ను తలపించే గుమ్మటాలు! అంత సాదాసీదాగా బతికిన మనిషికి ఈ హంగు కొంచెం ఎక్కువే అనిపించింది నాకు.

లోపల నాలుగు హాళ్లు. బాల్యం, రాష్ట్రపతి రోజులు చూస్తూ గబగబా నడిచేశాం. ఇస్రో, డీఆర్‌డీవో హాల్లో మాత్రం బావ కాలు కదపలేదు.

"ఇదంతా మా ఊరి పక్కన జరిగిందిరా" అంటూ ఉపగ్రహాన్ని మోసుకెళ్లే ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ కథ మొదలుపెట్టాడు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రెండో దశలో లోపం వచ్చి బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు భారమంతా కలాం గారిదే. అయినా విలేకరుల ముందు కూర్చుని బాధ్యత నెత్తినేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్. మరుసటి ఏడాది జులై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఈసారి ప్రెస్‌మీట్‌కి కలాం గారినే వెళ్లమన్నారట ధవన్. కలాం గారు ఎన్నో సభల్లో చెప్పుకున్న ముచ్చటే ఇది. "అలాంటి బాస్ మనకెక్కడ దొరుకుతాడ్రా!" అని బావ నిట్టూర్చాడు. పక్కనున్న తమిళాయనకు ఏం అర్థమైందో గానీ, ఆయనా తలూపాడు.

వ్యక్తిగత వస్తువుల్లో అందరూ వీణ దగ్గర గుమిగూడారు. నేను మాత్రం జీ-సూట్ దగ్గర ఆగిపోయాను. 2006 జూన్ 8న, 74 ఏళ్ల వయసులో, పుణెలో సుఖోయ్-30 యుద్ధవిమానం ఎక్కినప్పుడు కలాం గారు వేసుకున్నది. విమానం జోరుగా మలుపు తిరిగితే రక్తం తలలోంచి కాళ్లలోకి దిగిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి. అప్పుడు ఈ సూట్‌లోని సంచుల్లో గాలి నిండి కాళ్లనీ పొట్టనీ గట్టిగా నొక్కి పడుతుంది. యువ పైలట్లకే కష్టమైన పని. దాని ముందు నిలబడితే, ఆయనెంత చిన్న మనిషో మొదటిసారి తెలిసొచ్చింది.

తర్వాత మసీదు వీధిలోని కలాం గారి ఇంటికీ వెళ్లాం. కింద కుటుంబం, పైన ప్రదర్శన. ఇరుకు మెట్ల మీద ఒకటే తోపులాట. ఆయన తండ్రి యాత్రికులను ధనుష్కోటికి పడవలో దాటించేవారు. మీరు వెళ్తే మాత్రం ముందు ఈ ఇల్లు చూసి, తర్వాతే స్మారకానికి వెళ్లండి. మేము చేసినట్టు తిరగేసి చూస్తే, అన్ని అవార్డులు చూసొచ్చిన కళ్లకు ఈ చిన్న గదులు ఆనవు.