గోదావరి గట్టున రోజుకో బొమ్మ: 52 రోజుల ఖాతా

రాజమండ్రి తాడితోటలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాస్తాను. కొట్టు తెరిచేది పదింటికి. కాబట్టి ఉదయం ఆరు నుంచి ఏడు దాకా పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని రోజుకో నీటిరంగు బొమ్మ వేద్దామని జూన్ 1న మొదలుపెట్టాను. ఇంట్లో వాడకుండా మిగిలిపోయిన జమాఖర్చుల పుస్తకం ఒకటి ఉంటే రోజూ అందులోనే రెండు ముక్కలు రాసుకున్నాను. పనికొచ్చేవి ఇక్కడ పెడుతున్నాను.

ముందు సామాను. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాటన్ పేపర్ పెద్ద షీట్లు నాలుగు కొన్నాను. ఒక్కోటి 22 అంగుళాలకు 30. దాన్ని పదహారు ముక్కలు చేస్తే రమారమి అయిదున్నరకు ఏడున్నర అంగుళాల ముక్క వస్తుంది, గంటలో ముగించడానికి అది చాలు. మొత్తం 64 ముక్కలు. మొదట 200 జీఎస్ఎం వాడి చూశాను, తడి తగలగానే అప్పడంలా లేస్తోంది, మానేశాను. రంగులు ఆరే: అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), లెమన్ ఎల్లో, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ). నలుపు కొనలేదు. అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే బూడిద రంగు నుంచి దాదాపు నలుపు దాకా అన్నీ వస్తాయి. గుండ్రటి కుంచెలు 8, 2 నంబర్లవి, ఒక పాత ఫ్లాట్ కుంచె, పరీక్షల అట్ట, రెండు క్లిప్పులు, ఇంట్లో అరిగిపోయిన నూలు తుండు. తెల్ల రంగు కూడా లేదు. తెల్లగా కనపడాల్సిన చోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయడమే.

1 నుంచి 6వ రోజు: ఆరు బొమ్మల్లోనూ గోదావరి నీలంగా ఉంది. ఎదురుగా ఉన్న నీళ్ళు నీలం కావని తెలుసు. అయినా చెయ్యి నీలం దగ్గరికే పోయింది. చిన్నప్పుడు డ్రాయింగు పుస్తకంలో నది అంటే నీలం కదా, అదే ఇంకా వదల్లేదు. ఆర్చి వంతెన కూడా కళ్ళు మూసుకుని వేసేయగలననుకున్నాను. దానికి 28 స్పాన్లు. నేను 19 వేసేసరికి అవతలి ఒడ్డు, కొవ్వూరు గట్టు, వచ్చేసింది! తర్వాత లెక్కపెట్టడం మానేసి, దగ్గరున్న నాలుగు ఆర్చీలు శ్రద్ధగా వేసి, మిగతావి దూరం పోయేకొద్దీ కుదించి ఒకే పలుచటి రంగు పూత‌లో కలిపేశాను. అదే వంతెనలా కనపడింది. పక్కనున్న పాత హేవలాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచాయి. ఇప్పుడు రైళ్ళు లేవు. వేయడానికి మాత్రం అదే సుఖం, కింద స్తంభాలు, పైన గీత, అంతే.

9వ రోజు: వెలుగు సంగతి. మన ఒడ్డు తూర్పు వైపు, నది పడమర. పొద్దున ఎండ ఊరి మీదుగా మన వీపు వెనక నుంచి వస్తుంది. అవతలి గట్టూ వంతెనా అంతా ఒకే వెలుగులో చప్పగా కనపడతాయి. నీడలు మనకు ఎదురుగా నీళ్ళ వైపు పడతాయి. నీళ్ళ మీద బంగారం మెరవాలంటే సాయంత్రం రావాలి, ఆ వేళకు నేను కొట్లో ఉంటాను. కనుక పొద్దుటి చప్పదనంతోనే సర్దుకోవాలి. ఒక ఉపాయం దొరికింది: దూరాన్ని లేతగా వేసి, మెట్ల మీద మనుషుల నీడల్ని మాత్రం ముదురుగా వేయడం.

11వ రోజు: మనుషులు. ఈ ఒక్క రోజు గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పది రోజులు తిప్పలు పడ్డాను. స్నానాలకు వచ్చేవాళ్ళు, పిండాలు పెట్టించుకునేవాళ్ళు, పూలమ్మే ఆవిడ, ఎవరూ అర నిమిషం కదలకుండా ఉండరు. మొహం, చేతులు వేద్దామని కూర్చుంటే మనిషి వెళ్ళిపోతాడు. ఇప్పుడు తల చిన్న చుక్క, భుజాల నుంచి నడుం దాకా ఒక కుంచె దెబ్బ, కింద సన్నబడుతూ ఇంకో దెబ్బ, అంతే. ముల్లంగి దుంపలా ఉంటుంది. తలకీ ఒంటికీ మధ్య కాస్త తెల్ల కాగితం వదిలితే మెడ దానంతటదే వస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి కంటి గీత. నా కళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో, అవతలి గట్టు గీత ఇంచుమించు ఆ ఎత్తులోనే కనపడుతుంది. నేను కూర్చుని ఉంటాను కనుక నా మెట్టు మీదే నిలబడ్డ మనిషికి ఆ గీత నడుం దగ్గర పోతుంది. ఆరు మెట్లు కింద నిలబడ్డవాడి తల సరిగ్గా కొవ్వూరు గట్టుకు తగులుతుంది. నీళ్ళలో దిగినవాళ్ళు మొత్తం గీత కిందే. ఇది తెలియక ముందు నా మనుషులందరూ గాలిలో నిలబడ్డారు.

15వ రోజు: ఒక నాటు పడవ వేశాను. బాగా కుదిరిందనుకుని మురిసిపోతున్నాను. పడవాయన వచ్చి భుజం మీంచి చూశాడు.

"గురువుగారూ, ఇది నా పడవేనాండీ?"

"అవునండి."

"కాదండి. ఖాళీ పడవకి ముక్కు పైకి లేచుంటదండి. మీరేసింది ఇసక పడవ. నిండా లోడెత్తి ఉందది."

నిజమే. నేను అంచును నీటికి సమానంగా ఒక గీతలా గీసేశాను. ఆయన పడవకి ముందు భాగం జానెడు పైకి ఉంది, నీళ్ళకీ దానికీ మధ్య సన్నటి ముదురు నీడ ఉంది. ఆ నీడ వల్లే పడవ తేలుతున్నట్టు కనపడేది. ఆర్ట్ వీడియోలు ఎన్ని చూశానో, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

18, 19, 20 రోజులు జ్వరం, సున్నా.

22వ రోజు, ఆదివారం: దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాను. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ రెండోసారి వెళ్ళడం. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. 27 ఏళ్ళు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిని గుర్తించి వెన్ను తట్టారు, రామారావు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌లో చదివి మళ్ళీ రాజమండ్రి వచ్చి ఇక్కడే పిల్లలకు నేర్పారు. నాకు 44. ఆ బొమ్మల ముందు నిలబడి లెక్కలు వేసుకోవడం మంచిది కాదు, కానీ లెక్కలే నా ఉద్యోగం. మర్నాడు బొమ్మ వేయబుద్ధి కాలేదు. అయినా వేశాను, చెత్తగా వచ్చింది, పుస్తకంలో అలాగే రాశాను.

23 నుంచి 34 దాకా పెద్దగా చెప్పేది లేదు. పెళ్ళికి రెండు రోజులు పోయాయి. వానలు మొదలయ్యాక కాగితం ఆరడం లేదు. జూన్ మొదట్లో కుంచె ఎత్తేలోపు ఆరిపోయేది. ఇప్పుడు పావుగంటైనా తడిగానే ఉంటోంది. సగం ఆరిన చోట మళ్ళీ నీళ్ళు తగిలితే పువ్వు విచ్చుకున్నట్టు మరకలు వస్తాయి. నూలు తుండుతో అద్ది, పూర్తిగా ఆరేదాకా ఊరుకోవడం తప్ప మందు లేదు. ఆ ఖాళీలో టీ తాగుతాను.

38వ రోజు: కొత్త నీరు వచ్చింది. నిన్నటిదాకా పాచి రంగులో ఉన్న గోదావరి రాత్రికి రాత్రి ఎర్రబడింది. ఇక నీలం వేయడానికి వీల్లేదు, నది ఆ సందు కూడా మూసేసింది. ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, రవ్వంత క్రిమ్సన్, మురికి తేవడానికి ఒక చుక్క అల్ట్రామెరైన్. మొదటిసారి మొత్తం నదిని అదే రంగుతో నింపితే ఎర్రమట్టి చేనులా వచ్చింది. మళ్ళీ చూశాను. కాళ్ళ దగ్గర నీళ్ళలోకి తలవంచి చూస్తాం కనుక నీటి సొంత రంగు కనపడుతుంది. దూరాన నీళ్ళని ఏటవాలుగా చూస్తాం, అక్కడ ఎక్కువగా ఆకాశమే కనపడుతుంది. అంటే కింద ఎరుపు, పైకి పోయేకొద్దీ బూడిద రంగు. తడి కాగితం మీద ఈ రెండింటినీ కలిపేస్తే బొమ్మలో నది చదునుగా పడుకుంది.

39వ రోజు బాటిల్ మర్చిపోయి గోదావరి నీళ్ళే కప్పులో ముంచుకున్నాను. బొమ్మ ఆరాక తెల్లగా వదిలిన చోటల్లా లేత మట్టి మరక. పాడైందని తిట్టుకుని, సాయంత్రానికి ఇంకో ఆలోచన వచ్చింది. మర్నాడు ఒక బకెట్ నీళ్ళు ఇంటికి మోశాను. రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున బురద పేరింది. నీళ్ళు వంచేసి, ఎండలో పెట్టి, కొట్లో మిగిలిన మల్లు గుడ్డలో జల్లించి, నేల టైలు మీద గాజు సీసాతో నూరాను. మా ఆవిడ "ఇదేం వంటండీ" అంది. ఉత్త నీళ్ళతో కలిపి వేస్తే, ఆరాక వేలితో తుడిస్తే పోయింది. బంక లేదుగా. పచారీ కొట్టులో తుమ్మబంక తెచ్చి, 20 గ్రాములు 40 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి వడగట్టాను. అందులో పగుళ్ళు రాకుండా రెండు చుక్కల తేనె, బూజు పట్టకుండా ఒక లవంగం. ఈసారి రంగు కాగితాన్ని పట్టుకుంది.

ఒక నిరాశ: నదిలో అంత ఎర్రగా కనపడ్డ మట్టి ఆరాక లేత గోధుమ రంగు. దానిమీద పలుచగా బర్న్ట్ సియెన్నా వేయక తప్పలేదు. కానీ నలక నలకగా కాగితం సందుల్లో కూర్చుంటుంది, ట్యూబు రంగుకు ఆ గరుకు రాదు. 44, 45 రోజుల బొమ్మలు దాంతో వేసినవే. ఇంతవరకూ వేసినవాటిలో ఎవరికైనా చూపించాలనిపించేవి ఆ రెండే.

52వ రోజు: జూన్ 1న నా మెట్టు నీటికి పదకొండో మెట్టు. 45వ రోజున అయిదోది. ఇవాళ వెళ్ళేసరికి మునిగిపోయింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు, అక్కడిదాకా వస్తుందని టీ కొట్టు దగ్గర అందరూ అదే మాట. పోలీసులు తాడు కట్టారు, స్నానాలు లేవు. నా ముల్లంగి మనుషులు లేరు. గట్టు రోడ్డు మీద అరుగు చూసుకుని కూర్చున్నాను. ఇక్కడి నుంచి కంటి గీత మారిపోయింది, కొలతలన్నీ మళ్ళీ మొదటికి.

పడవాయన తన పడవని ఒడ్డుకు లాగి రెండు తాళ్ళతో కట్టుకుంటున్నాడు. నన్ను చూసి అక్కడినుంచే కేకేశాడు: "ఇయ్యాళ ఖాళీయేనండి! ముక్కు చూసుకుని ఏసుకోండి!"

వేశాను. 40 నిమిషాలు పట్టింది, బురద రంగు అయిపోయింది.

పుస్తకంలో ఇవాళ్టి పద్దు: వేసిన బొమ్మలు 47. పాడై మళ్ళీ వేసినవాటికి పోయిన ముక్కలు 6. మిగులు 11. బర్న్ట్ సియెన్నా కొత్త ట్యూబు, తుమ్మబంక 50 గ్రాములు, మడత స్టూలు ఒకటి కొనాలి.