మబ్బు రోజుకు సున్నా వేయకూడదు

సీతమ్మధారలో మా డాబా మీద నుంచి సూర్యమచ్చలను లెక్కపెట్టి రాసుకునే పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. 2019లో మొదలుపెట్టాను. అందులో రోజుకొక వరుస ఉంటుంది: తేదీ, సమయం, గుంపులు ఎన్ని, విడి మచ్చలు ఎన్ని, చివర ఒక అంకె. ఆ చివరి గడిలో కొన్ని రోజులకు సున్నా, కొన్ని రోజులకు ‘మబ్బు’ అన్న మాట కనిపిస్తాయి. ఈ రెండూ ఒకటి కావని నాకు తెలిసివచ్చేసరికి ఒక వానాకాలం గడిచిపోయింది. ఆ మొదటి ఏడాది సూర్యుడి మీద ఎలాగూ మచ్చలు కనిపించడం లేదు కనుక, చూసినా చూడకపోయినా ఒకటే అన్న ధీమాతో, జూలై, ఆగస్టు నెలల్లో ముసురు పట్టిన రోజులన్నిటికీ సున్నాలు వేసేశాను. తరువాత ఆ పేజీలను ఎర్ర సిరాతో కొట్టివేశాను గానీ, వాటిలో చూసి వేసిన సున్నాలు ఏవో, చూడకుండా వేసినవి ఏవో ఇప్పుడు నాకే తెలియదు.

మచ్చలు ఏళ్ళ తరబడి పెరుగుతూ తగ్గుతూ ఉండే ఆటుపోటును సౌరచక్రం అంటారు; 2019 ఆ చక్రపు అడుగున ఉన్న సంవత్సరం. ఆ ఏడాది 270కి పైగా రోజులు సూర్యబింబం మీద ఒక్క మచ్చ కూడా లేదు. ఆ సంగతి తెలియని నేను, కొత్తగా కొన్న 60 మిల్లీమీటర్ల టెలిస్కోపులోనే ఏదో లోపం ఉందనుకుని దాని అద్దాన్ని రెండుసార్లు తుడిచాను. అసలు లోపం మరొకచోట ఉంది. కంటి వైపు కటకానికి బిగించుకోమని టెలిస్కోపుతో పాటు ఒక నల్లటి గాజుబిళ్ళ ఇచ్చారు. సూర్యకాంతి అంతా ఒకచోటికి చేరి మండే చోట పెట్టే గాజు అది. పది నిమిషాలు తిరగకుండానే టప్పుమని నిలువునా పగిలింది. కాగితం తెచ్చుకోవడానికి మెట్ల దగ్గరికి వెళ్ళి ఉన్నాను కాబట్టి నా కన్ను దక్కింది. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే ఇంకొకటి పంపుతామన్నారు, వద్దన్నాను. అలాంటి బిళ్ళ ఎవరి దగ్గరైనా ఉంటే పారేయడం మంచిది.

అప్పటి నుంచి కన్ను పెట్టి చూడడం మానేసి, సూర్యబింబాన్ని తెల్లటి అట్ట మీద పడేలా చేసుకుంటున్నాను. పక్కన ఉండే చిన్న దుర్భిణికి మూత పెట్టడం, ప్లాస్టిక్ కటకాల బదులు గాజు కటకం వాడడం, పిల్లలను దగ్గరికి రానివ్వకపోవడం, ఇంతే జాగ్రత్తలు. అట్ట మీద క్లిప్పుతో పెట్టిన కాగితంపై 15 సెంటీమీటర్ల వృత్తం గీసి ఉంటుంది. బింబం దానికి సరిగ్గా సరిపోయేలా అట్టను ముందుకూ వెనక్కూ జరపాలి. ఆ కొలతలో ఒక మిల్లీమీటరు అంటే సూర్యుడి మీద సుమారు 9,300 కిలోమీటర్లు. మన భూమిని తీసుకువెళ్ళి అక్కడ పెడితే మిల్లీమీటరున్నరకు కొంచెం తక్కువ, అంటే మొద్దుబారిన పెన్సిల్‌తో పెట్టిన చుక్క అంత ఉంటుంది. ఉదయం ఏడున్నర, ఎనిమిది గంటల మధ్య పని ముగించాలి. ఆ తరువాత డాబా గచ్చు వేడెక్కి, బింబం అంచు పెనం మీద నూనెలా కదలడం మొదలుపెడుతుంది. సముద్రపు గాలికి స్టాండు మరలు మూడు నెలలకొకసారి తుప్పు పడతాయన్నది విశాఖలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

మచ్చ నిజానికి నల్లగా ఉండదు. చుట్టూ ఉన్న ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ వేడితో వెలుగుతుంటే, మచ్చ నడిబొడ్డు అంతకన్నా రెండు వేల డిగ్రీల దాకా చల్లగా ఉండడం వల్ల నల్లగా కనిపిస్తుంది. సూర్యుడి పై పొర పొయ్యి మీది గంజిలా నిరంతరం కుతకుతలాడుతూ లోపలి వేడిని పైకి తెస్తూ ఉంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రం ఎక్కడ పైకి పొడుచుకువస్తుందో అక్కడ ఆ ఉడుకు అణగిపోతుంది, వేడి రావడం తగ్గుతుంది. మచ్చల్లో అయస్కాంత క్షేత్రం ఉందని 1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో జార్జి ఎల్లరీ హేల్ కనిపెట్టాడు. ఆ మరుసటి సంవత్సరమే మన కొడైకెనాల్‌లో జాన్ ఎవర్‌షెడ్, మచ్చ చుట్టూ ఉండే బూడిదరంగు అంచులో వాయువు లోపలి నుంచి బయటికి పారుతోందని గుర్తించాడు. ఆ ప్రవాహాన్ని ఇప్పటికీ ఎవర్‌షెడ్ పేరుతోనే పిలుస్తారు.

అయితే నన్ను ఈ పనిలో నిలబెట్టినది భౌతికశాస్త్రం కన్నా లెక్కల చరిత్ర. జర్మనీలోని డెసావ్ అనే ఊళ్ళో మందుల దుకాణం నడిపిన హైన్రిఖ్ శ్వాబే, బుధుడికన్నా సూర్యుడికి దగ్గరగా మరో గ్రహం తిరుగుతోందేమో, అది బింబం మీదుగా చిన్న చుక్కలా దాటుతూ కనిపిస్తుందేమో అన్న ఆశతో 1826 నుంచి ఎండ కాసిన ప్రతి రోజూ సూర్యుణ్ణి చూశాడు. గ్రహం దొరకలేదు. దానితో పొరబడకుండా ఉండడానికి రాసిపెట్టుకున్న మచ్చల లెక్కలోనే, దాదాపు 17 ఏళ్ళ తరువాత, సుమారు పదేళ్ళకొకసారి వచ్చే ఆటుపోటు బయటపడింది. ఎన్ని రోజులు చూశాడో, ఎన్ని రోజులు మచ్చలే లేవో కూడా అతను ఏటేటా వేరువేరుగా ప్రకటించాడు. నేను మొదటి ఏడాది చేయలేకపోయినది సరిగ్గా ఇదే.

శ్వాబే లెక్కలు చూసి స్విట్జర్లాండులో రుడాల్ఫ్ వుల్ఫ్ 1848 ప్రాంతంలో రూపొందించిన సూత్రమే నేటికీ వాడుకలో ఉంది: గుంపుల సంఖ్యను పదితో హెచ్చవేసి, విడి మచ్చల సంఖ్యను కలిపి, వచ్చినదాన్ని, చూసేవారి కంటికీ టెలిస్కోపుకూ ఉన్న తేడాను సరిచేసే పరిశీలకుడి గుణకంతో హెచ్చవేయాలి. ఏడు గుంపుల్లో 38 మచ్చలుంటే గుణకానికి ముందు 108. ఒకే ఒక్క మచ్చ ఉంటే, అదే ఒక గుంపు కూడా కాబట్టి 11. అంటే ఈ లెక్కలో సున్నా తరువాత వచ్చే అంకె ఒకటి కాదు, పదకొండు. అందుకే మబ్బు రోజుకు వేసిన సున్నా చూడడానికి అమాయకంగా కనిపించినా నెల సగటును గట్టిగానే కిందికి లాగుతుంది.

ఈ చక్రం సగటు 11 ఏళ్ళు అనగానే మా ఇంట్లో పెద్దవాళ్ళకు పుష్కరాలు గుర్తుకొచ్చాయి. బృహస్పతి సూర్యుణ్ణి చుట్టడానికి 11.86 ఏళ్ళు పడుతుంది కాబట్టి ఆ అనుమానం సహజమే; గ్రహాల ప్రభావం ఉందేమోనని వుల్ఫ్ కూడా వెతికాడు. గోదావరి పుష్కరాలు 2003లో, 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో రావాలి. సౌరచక్రపు గరిష్ఠాలు 2001 చివరలో, 2014లో, 2024లో వచ్చాయి. ఒకసారి పన్నెండున్నర ఏళ్ళ ఎడం, మరొకసారి పదిన్నర. పంచాంగంలో ముందే అచ్చువేసుకోవడానికి వీలుకాని చక్రమిది.

చూడకపోవడానికీ లేకపోవడానికీ మధ్య ఉన్న తేడా మీద ఈ శాస్త్రంలో ఒక పెద్ద తగవే నడిచింది. 1645 నుంచి 1715 వరకు సూర్యుడి మీద మచ్చలు దాదాపు కనబడలేదని పాత గ్రంథాలు చెబుతాయి. ఆ కాలానికి మాండర్ కనిష్ఠం అని పేరు. అప్పటికి టెలిస్కోపులు వచ్చి కొత్తే కాబట్టి ఎవరూ సరిగ్గా చూసి ఉండరని చాలాకాలం కొట్టిపారేశారు. కానీ ఆ రోజుల్లో చూసినవాళ్ళు పారిస్‌లో కాసినీ, పికార్, ఇంగ్లండులో ఫ్లామ్‌స్టీడ్ వంటి ఉద్దండులు. 1671లో కాసినీకి ఒక మచ్చ కనిపిస్తే అది అచ్చులో ప్రకటించవలసినంత విశేషమైంది. 1976లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ ఎడీ, సూర్యుడి అలజడి వల్ల రాత్రి ఆకాశంలో వెలిగే ధ్రువకాంతులు అప్పట్లో ఎంత అరుదుగా కనిపించాయో, చెట్ల వలయాల్లో కార్బన్-14 ఎంత పెరిగిందో చూపించి, సూర్యుడు నిజంగానే మౌనంగా ఉన్నాడని తేల్చాడు. సూర్యుడు నెమ్మదించినప్పుడు విశ్వకిరణాలు భూమిని ఎక్కువగా చేరతాయి, ఆ రకం కార్బన్ ఎక్కువగా తయారవుతుంది. చెట్లకు మబ్బుతో పని లేదు. అంతటితో కథ ముగియలేదు. 1998లో హాయిట్, షాటెన్ అనే ఇద్దరు పాత పరిశీలనలన్నిటినీ ఓపికగా పోగుచేసి కొత్త జాబితా తయారుచేశారు. అందులో ‘ఈ మధ్య మచ్చలేవీ కనబడలేదు’ అన్న తరహా సాధారణ వాక్యాల ఆధారంగా నెలల తరబడి వరుసగా సున్నాలు నింపిన చోట్లు ఉన్నాయని తరువాతి పరిశోధకులు ఎత్తిచూపారు. మాండర్ కనిష్ఠం దానితో అబద్ధం కాలేదు గానీ, ఎంత లోతైనదన్నది మళ్ళీ లెక్క కట్టవలసి వచ్చింది. అంత పెద్దవాళ్ళే చేసిన పొరపాటు కదా అని నేను ఊరట చెందిన మాట నిజమే.

ఇక 2024 మే నెల. రాష్ట్రమంతా 13వ తేదీ పోలింగు గొడవలో ఉండగా, నా కాగితం మీద 3664వ నంబరు గుంపు విప్పుకుంది. భూమి వ్యాసానికి 15 రెట్లు పొడవున్న ఆ గుంపు నా వృత్తంలో రెండు సెంటీమీటర్లు పరుచుకుంది; అంతకు ముందు ఐదేళ్ళలో నేను గీసిన పెద్ద మచ్చలేవీ దానిలో సగం కూడా లేవు. కింది వాటాలో ఉండే రిటైర్డ్ మాస్టారు రోజూ మెట్ల దగ్గర నిలబడి “ఏమండీ, ఇవాళ స్కోరెంత?” అని అడుగుతారు. ఆ రోజు ఆయన్నే పైకి పిలిచి, గ్రహణం కళ్ళద్దాలు పెట్టి చూపించాను. “అయ్య బాబోయ్, ఉట్టి కళ్ళద్దాలకే కనబడుతోందే!” అన్నారు. ఆ ఒక్క గుంపులోనే 40 దాకా మచ్చలు లెక్కపెట్టాను. తమాషా ఏమిటంటే, వుల్ఫ్ సూత్రం ప్రకారం అంత పెద్ద గుంపుకూ పదే, మూలన ఒంటరిగా ఉన్న పిసరంత మచ్చ గుంపుకూ పదే. ఇది ఆ సూత్రానికి ఉన్న నిజమైన లోటని నా అభిప్రాయం. అయినా మార్చకూడదు, మారిస్తే పాత లెక్కలతో పోల్చడానికి వీలుండదు. మే 10, 11 తేదీల రాత్రి ఆ గుంపు విసిరిన ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న వేడి వాయువు, భూమిని తాకి, 2003 తరువాత అంతటి అయస్కాంత తుఫాను రాలేదనిపించింది. లడఖ్‌లోని హాన్లే ఆకాశంలో ఎర్రటి ధ్రువకాంతిని కెమెరాలు పట్టుకున్నాయి. మన తీరానికి ఆ భాగ్యం లేదు. పోలింగు ముగిసేసరికి గుంపు సూర్యుడి పడమటి అంచుకు జారింది. మనకు సూర్యుడి ఒక చుట్టు సుమారు 27 రోజులు కాబట్టి, ఓట్ల లెక్కింపుకు కొద్ది రోజుల ముందు, అదే గుంపు 3697 అన్న కొత్త నంబరుతో తూర్పు అంచున తిరిగి పొడిచింది.

ఐదారేళ్ళ కాగితాలను వరుసగా పరిస్తే మరొకటి కళ్ళకు కడుతుంది. చక్రం మొదట్లో, 2020, 2021 సంవత్సరాల్లో, మచ్చలు సూర్యుడి మధ్యరేఖకు దూరంగా, నా వృత్తంలో మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడంలో పుట్టేవి. ఏళ్ళు గడిచే కొద్దీ మధ్యరేఖకు దగ్గరవుతూ వచ్చాయి. దీన్నే ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞులైన మాండర్ దంపతులు 1904లో సీతాకోకచిలుక రెక్కల్లాంటి పటంగా గీశారు. అసలు మచ్చలు పుట్టడానికి మూలం సూర్యుడు గట్టి బంతిలా తిరగకపోవడం: మధ్యరేఖ దగ్గర ఒక చుట్టుకు 25 రోజులు చాలు, ధ్రువాల వైపు 30 రోజులు దాటుతుంది. ఆ తేడా వల్ల లోపలి అయస్కాంత రేఖలు కండెకు చుట్టిన దారంలా బిగుసుకుని, అక్కడక్కడ పైకి ఉబికి, జంట మచ్చలుగా పొడుచుకువస్తాయి. ప్రతి చక్రానికీ ఆ జంటల ఉత్తర, దక్షిణ ధ్రువతలు తారుమారవుతాయి. కనుక పూర్తి ఆవృత్తం 22 ఏళ్ళు. ఇంత తెలిసినా జోస్యం మాత్రం చేతికి చిక్కలేదు. ఈ 25వ చక్రపు గరిష్ఠం, వుల్ఫ్ సూత్రపు అంకె 115 దగ్గర, 2025 జూలైలో ఉంటుందని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం అంచనా వేసింది. అది 2024 అక్టోబరులోనే, 160 దగ్గర వచ్చింది.

ఈ పనిలో విశాఖకు పాత సంబంధమే ఉంది. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 డిసెంబరులో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించాడు. ఆ తరువాతి శతాబ్దంలో, 1950లలో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అయనోస్ఫియర్‌లో, అంటే వాతావరణం పైన విద్యుదావేశమున్న పొరలో, వీచే గాలులను రేడియో తరంగాలతో కొలిచారు. మచ్చలు పెరిగితే సూర్యుడి అతినీలలోహిత కాంతి పెరిగి ఆ పొరలో ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, షార్ట్‌వేవ్ దూరాలకు వినిపిస్తుంది, జీపీఎస్ సంకేతం తడబడుతుంది. 1957, 1958 సంవత్సరాల్లో వచ్చిన గరిష్ఠం, లెక్క మొదలైన నాటి నుంచి అన్నిటికన్నా పెద్దది.

ఈ ఏడాది నుంచి మా మేనకోడలు కూడా డాబా మీదికి వస్తోంది. తొమ్మిదో తరగతి. అదే టెలిస్కోపు, అదే కాగితం, అదే ఉదయం. నేను 31 మచ్చలు చూసిన చోట దానికి 44 కనిపిస్తాయి. “మావయ్యా, ఇవి నీకు కనబడట్లేదా?” అని పెన్సిల్ మొనతో చూపిస్తే, అప్పుడు కనబడతాయి. జూరిచ్‌లో వుల్ఫ్‌కూ అతని సహాయకుడు ఆల్ఫ్రెడ్ వుల్ఫర్‌కూ ఇదే తేడా వచ్చింది. వుల్ఫ్ అతిచిన్న చుక్కలను వదిలేసేవాడు, వుల్ఫర్ అన్నిటినీ లెక్కించేవాడు. 1876 నుంచి 1893 దాకా ఇద్దరూ పక్కపక్కనే చూసి, వుల్ఫర్ లెక్కను 0.6తో హెచ్చవేస్తే వుల్ఫ్ లెక్క వస్తుందని తేల్చారు. ఆ 17 ఏళ్ళ జంట లెక్క లేకపోతే పాత వరుస అక్కడే తెగిపోయేది. 2015లో ప్రపంచమంతటి మచ్చల లెక్కలను కూడగట్టే బ్రస్సెల్స్‌లోని కేంద్రం ఆ 0.6ను తీసివేసి వుల్ఫర్ లెక్కనే ప్రమాణంగా పెట్టుకుంది, అందుకే ఇప్పటి అంకెలు పాత పుస్తకాల్లోని వాటికన్నా పెద్దవి. మేనకోడలి లెక్కను నేను నా పుస్తకంలో కలపలేదు. దానికి వేరే పుస్తకం కొనిచ్చి, మొదటి పేజీలో గడులు గీసి, నాది చూడకుండా ముందు తన అంకె రాసుకోమన్నాను. ఇప్పటికి 53 రోజులు ఇద్దరం చూశాం. దాని లెక్కను నా లెక్కకు తెచ్చే గుణకం 0.74 దగ్గర తిరుగుతోంది. మరో 19 రోజులు మబ్బు.