ప్రమాణం చెయ్యలేనంటున్న మా అమ్మాయి

"నమ్మని మాటని ప్రమాణం చేసి ఎలా చెప్పనమ్మా?" అంది మా అమ్మాయి, బ్రిటిష్ పౌరసత్వ వేడుకకి పిలుపు వచ్చిన సాయంత్రం. ఆ ఉత్తరం కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూశాం. మా ఆయన అప్పటికే స్వీట్లు ఆర్డర్ చేశారు. మూడో చార్లెస్ రాజుకీ, ఆయన వారసులకీ, ఆయన తర్వాత గద్దెనెక్కేవాళ్ళకీ చట్టప్రకారం విధేయంగా ఉంటానని అందరిముందూ చెప్పాలి. దేవుడి మీద ప్రమాణం వద్దనుకునేవాళ్ళు దేవుడి పేరు లేకుండా చెప్పొచ్చు. రాజు పేరు మాత్రం తప్పదు. దరఖాస్తు పెట్టేనాటికి తనకి పదిహేడే, ఆమోదం వచ్చేసరికి పద్దెనిమిది నిండాయి. తమ్ముడు చిన్నవాడు కాబట్టి వాడు చెప్పక్కర్లేదు. తను చెప్పాలి.

నేను వెంటనే అన్నాను: "రెండు ముక్కలే కదా తల్లీ. అందరూ కలిసి ఒకేసారి చెప్తారు. నీ మనసులో ఏముందో ఎవరడుగుతారు?"

"అచ్చం మెగ్ లాగే మాట్లాడుతున్నావ్" అంది.

మెగ్ అంటే మార్గరెట్ రోపర్, దాదాపు ఐదువందల ఏళ్ళ కిందటి ఇంగ్లండ్ రాజనీతిజ్ఞుడు సర్ థామస్ మోర్ పెద్ద కూతురు. ఆ మధ్య ఇద్దరం కలిసి రాబర్ట్ బోల్ట్ రాసిన 'ఎ మ్యాన్ ఫర్ ఆల్ సీజన్స్' సినిమా చూశాం. 1960లో లండన్‌లో నాటకంగా ఆడి, 1966లో సినిమాగా వచ్చింది. ఉత్తమ చిత్రంతో కలిపి 6 ఆస్కార్లు గెలిచింది. రెండింట్లోనూ మోర్‌గా వేసింది పాల్ స్కోఫీల్డే. అది చూసినప్పట్నుంచి మా అమ్మాయి మోర్ గురించి దొరికినదల్లా చదువుతోంది. నేనూ చదివాను, తనతో వాదించడానికైనా తెలియాలి కదా అని.

కథ చాలామందికి తెలిసిందే. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ తన భార్య కాథరిన్‌ని వదిలించుకుని ఆన్ బొలీన్‌ని పెళ్ళి చేసుకోవాలనుకున్నాడు. పోప్ ఒప్పుకోకపోతే ఇంగ్లండ్ చర్చికి తనే అధిపతినన్నాడు. మోర్ అప్పుడు లార్డ్ ఛాన్సలర్, అంటే రాజు కొలువులో న్యాయవ్యవహారాలు చూసే పెద్ద మంత్రి, రాజుకి ఇష్టమైన మనిషి. 1532లో పదవి వదిలేసి చెల్సీలోని ఇంటికి వెళ్ళిపోయాడు. రాజుని తిట్టలేదు, ఎవరినీ రెచ్చగొట్టలేదు. మరుసటి ఏడాది ఆన్ పట్టాభిషేకానికి వెళ్ళలేదు, అంతే. 1534లో కొత్త చట్టం వచ్చింది. ఆన్‌కి పుట్టే పిల్లలే వారసులని పెద్దలందరూ ప్రమాణం చెయ్యాలి. వారసత్వం సంగతి పార్లమెంటు ఇష్టం, దానికి అభ్యంతరం లేదన్నాడు మోర్. కానీ ఆ ప్రమాణం రాసిన తీరుకి మాత్రం తన మనస్సాక్షి ఒప్పుకోదన్నాడు. ఎందుకు ఒప్పుకోదో ఎంత అడిగినా చెప్పలేదు. ఏప్రిల్‌లో లండన్ టవర్ కోటలో ఖైదు చేశారు. పదిహేను నెలల తర్వాత, 1535 జూలై 6న తల నరికారు.

వారసుల మీద ప్రమాణం అనగానే మా అమ్మాయికి ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందో నాకు అర్థమైంది. "రాజు మీద నాకేం కోపం లేదమ్మా. ఇంకా పుట్టని మనిషికి, వాడు ఎలాంటివాడో తెలియకుండా, వాడు ఫలానా ఇంట్లో పుడతాడు కాబట్టి విధేయంగా ఉంటానని ఎలా చెప్తాను?" అంటుంది. ఈ దేశంలో ఉండటం ఇష్టమే. చట్టానికి లోబడి ఉంటానని చెప్పడానికీ సిద్ధమే. ఆ ఒక్క ముక్క దగ్గరే ఆగిపోయింది.

మా నాన్నకి ఫోన్లో చెప్పాను, కాస్త సర్దిచెప్తారని. ఆయన తెనాలి మనిషి, పురాణాలు కొట్టినపిండి. "ఉప్పు తిన్న ఇంటికి నిలబడాలమ్మా. కుంభకర్ణుణ్ణి చూడు. నువ్వు చేసింది తప్పని అన్న మొహం మీదే చెప్పాడు. చెప్పి, ఆ అన్న కోసమే యుద్ధానికి వెళ్ళాడు" అన్నారు.

"మరి విభీషణుడు వెళ్ళిపోయాడు కదా తాతయ్యా?"

"వెళ్ళాడు. రాముడు రాజ్యం కూడా ఇచ్చాడు. అయినా ఇప్పటికీ మనవాళ్ళు ఏమంటారు? ఇంటి గుట్టు లంకకు చేటు అనే అంటారు."

అది కాసేపు ఆలోచించింది. "మోర్ ఈ ఇద్దరిలాగా లేడు తాతయ్యా. రాజు కోసం యుద్ధానికీ వెళ్ళలేదు, అవతలి పక్కకీ పోలేదు. ఉన్నచోటే ఉండి, నోరు మూసుకున్నాడు" అంది. మా నాన్న దానికి జవాబు చెప్పలేదు. నేను ఇప్పటికీ ఆ మాట దగ్గరే ఉన్నాను. రావణుడి కొలువులో అలా ఊరికే ఉండిపోయినవాడి కథ మనకి ఉందా అని వెతుకుతున్నాను. భీష్ముడు కొలువులో మౌనంగానే కూర్చున్నాడు, కానీ యుద్ధం వచ్చినప్పుడు కౌరవుల వైపే నిలబడ్డాడు. మోర్ మౌనం అలాంటిది కాదు. మౌనాన్ని చట్టం ఒప్పుకోలుగా చూడాలి తప్ప ద్రోహంగా చూడకూడదని న్యాయవాదిగా వాదించాడు. చివరికి రిచర్డ్ రిచ్ అనేవాడు కోర్టులో చెప్పిన సాక్ష్యంతో శిక్ష పడింది. అది అబద్ధపు సాక్ష్యమని మోర్ అక్కడే అన్నాడు. ఆ రిచ్ తర్వాత రోజుల్లో తనే లార్డ్ ఛాన్సలర్ అయ్యాడు.

మోర్‌ని దేవుణ్ణి చెయ్యడం మా అమ్మాయికీ ఇష్టం లేదు. ఆయన ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లోనే మతం మాట వినలేదని మనుషుల్ని సజీవంగా కాల్చారు, దాన్ని ఆయన సమర్థించాడు. తన మనస్సాక్షి కోసం ప్రాణమిచ్చిన మనిషి ఎదుటివాడి మనస్సాక్షికి చోటివ్వలేదు. సినిమా ఆ సంగతి జోలికి పోదు. "ఆయన మంచివాడని కాదమ్మా, ప్రమాణమంటే ప్రమాణమే అనుకున్నాడు. అది నాకు నచ్చింది" అంటుంది.

ఇక్కడే నాకు నోట మాట రాదు. ఒట్టేసి అబద్ధం చెప్పకూడదని దానికి చిన్నప్పట్నుంచీ నేర్పింది నేనే. హరిశ్చంద్రుడి కాటి సీను పద్యాలు మా నాన్న దగ్గర నేర్చుకుని, దానికి అన్నం పెడుతూ పాడింది నేనే. మాట కోసం ఆలుబిడ్డల్ని అమ్ముకున్న రాజు కథ చెప్పి పెంచి, ఇప్పుడు "ఊరికే పెదాలు కదుపు చాలు" అంటున్నాను. నా మాటలు నాకే గుచ్చుకుంటున్నాయి. అయినా వెనక్కి తీసుకోబుద్ధి కావడం లేదు. వీసా పొడిగింపు కోసం ఎన్ని రాత్రులు టెన్షన్‌తో గడిపామో దానికి తెలియదు. తెలియకూడదనే దాచాం. సెటిల్డ్ స్టేటస్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండొచ్చనే అనుమతి (ILR), చాలదా అని అడుగుతుంది. రెండేళ్ళకి మించి దేశం బయట ఉంటే అది పోతుంది. రేపు చదువుకో ఉద్యోగానికో ఎక్కడికైనా వెళ్తే? తల్లికి అలాంటి లెక్కలే తడతాయి. పిల్లలకి మనస్సాక్షి ఉండాలని నాకు నిజంగా కోరిక. దాని మూలంగా పిల్లలకి ఏ నష్టమూ రాకూడదని కూడా అంతే కోరిక. రెండూ కలిసి కుదరవని ఈ ఉత్తరం వచ్చాకే నాకు తెలిసింది.

బోల్ట్ సంగతి ఒకటి దొరికితే, దీనికి పనికొస్తుందనుకుని చెప్పాను. 1961లో అణ్వాయుధాలకి వ్యతిరేకంగా నిరసనల్లో ఉన్నందుకు ఆయన్ని అరెస్టు చేశారు. శాంతిగా ఉంటానని రాసివ్వనన్నందుకు నెల రోజుల జైలు వేశారు. అప్పుడాయన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' స్క్రిప్టు రాస్తున్నాడు. పని ఆగిపోతోందని నిర్మాత శామ్ స్పీగల్ జైలుకి వచ్చి బతిమాలితే, గడువు తీరకముందే సంతకం పెట్టి బయటికొచ్చాడు. చూశావా, మోర్ కథ రాసిన మనిషే సంతకం పెట్టాడు అన్నాను. మా అమ్మాయి ఆ తర్వాత ఏమైందో తనే వెతికి చదివింది. ఆ సంతకం గురించి ఆయన తర్వాత చాలా బాధపడ్డాడు. "నేను కూడా అలా బాధపడాలా?" అని అడిగింది.

ఇలాంటిది మీ ఇంట్లోనూ రావచ్చు. ఆ ప్రమాణం మాటల్ని వేడుక రోజున కాకుండా, దరఖాస్తు పెట్టేముందే పిల్లలతో కూర్చుని చదవండి అని చెప్పాలనుంది. కానీ ముందే చదివితే మాత్రం ఏం జరిగేది? తను అప్పుడే వద్దనేది. నేను అప్పుడే బతిమాలేదాన్ని.

మెగ్ లాగా అన్నందుకు నాకు మొదట కోపమొచ్చింది. తర్వాత మార్గరెట్ గురించి చదివాక అది పోయింది. లాటిన్, గ్రీకు చదువుకున్న మనిషి. టవర్‌కి వెళ్ళి తండ్రిని ప్రమాణం చెయ్యమని ఎన్నో విధాల బతిమాలింది. తను కూడా ప్రమాణం చేసింది, దేవుడి ధర్మానికి లోబడినంత మేరకు అనే మాట చేర్చి. లండన్ బ్రిడ్జి మీద పెట్టిన తండ్రి తలని తెచ్చుకుని దాచుకున్నదీ ఆమే. ఆమెని పిరికిదనడానికి నాకు మనసు రాదు. బతికి ఉండి ఇల్లు చూసుకోవాల్సిన మనిషి తన మనస్సాక్షికి వెతుక్కున్న దారి అది.

వేడుకకి మూడు నెలల గడువుంది. నేనూ మా ఆయనా వెళ్తున్నాం. భారత్ పాస్‌పోర్ట్ సరెండర్ చెయ్యాలంటే గుండె బరువెక్కుతోంది, అయినా వెళ్తాను. ప్రమాణంలో 'చట్టప్రకారం' అనే మాట ఉంది. మార్గరెట్ తనకోసం చేర్చుకున్న మాట లాంటిదే నాకు ముందే రాసిపెట్టి ఉందనుకుంటాను, దాన్ని పట్టుకుని మిగతాది చెప్పగలను. మా అమ్మాయికి అది చాలదంటోంది. చాలనిపించేదాకా నేను దాని వెంటపడొచ్చా, లేక ఇక్కడితో ఆపాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. నిన్న రాత్రి కూడా మళ్ళీ అడిగాను.