తల్లి పనివేళలూ, పసిబిడ్డ ఆకలివేళలూ

కందుకూరు, కొండపి వైపు పొగాకు రెలుపులు, అంటే ఆకు కోతలు మొదలయ్యాయంటే, ప్రాథమిక పాఠశాల హాజరు పట్టీలో ముందుగా ఖాళీలు కనిపించేది మూడు, నాలుగు తరగతుల ఆడపిల్లల పేర్లకు ఎదురుగానే. ఆ ప్రాంతపు బడుల్లో ఉపాధ్యాయినిగా పనిచేసినంత కాలం ఏటా చూసిన సంగతి ఇది. కారణం ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. తల్లి చీకటితోనే ఆటో ఎక్కి ఆకు పనికి వెళ్లిపోతుంది. తండ్రి ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గరో, బేల్దారి పనిలోనో ఉంటాడు. ఇంట్లో ఉన్న ఏడాదిన్నర బిడ్డను ఎత్తుకోవడానికి తొమ్మిదేళ్ల అక్క మిగులుతుంది. పెన్నా డెల్టాలో వరినాట్లప్పుడూ, తీరం వెంబడి రొయ్యల ప్లాంట్లలో పని ముమ్మరంగా ఉన్నప్పుడూ పేద కుటుంబాల్లో జరిగేది ఇదే.

పసిపిల్లల విద్య గురించి మనం మాట్లాడుకునే మాటలు సాధారణంగా మూడేళ్ల వయసు దగ్గర మొదలవుతాయి. ఆటలు, పాటలు, రంగుల బొమ్మలు, పలక, అక్షరాలు, ఇంగ్లీషు మీడియం అన్నీ ఆ తర్వాతి చర్చలే. కూలి కుటుంబాలకు అంతకంటే ముందు ఒక ప్రశ్న ఉంది. తెల్లవారుజామున తల్లి ఇల్లు విడిచినప్పటి నుంచి సాయంత్రం తిరిగి వచ్చేదాకా ఆ బిడ్డను ఎవరు చూసుకుంటారు, ఎవరు తినిపిస్తారు, ఎవరు మాట్లాడిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు దొరకనంత కాలం మనం ఎన్ని పథకాలు పెట్టినా వాటి ఫలం బిడ్డ దాకా సగమే చేరుతుందని నేను నమ్ముతున్నాను.

నా తరగతిలో నాలుగో తరగతి చదివే ఒక అమ్మాయి తమ్ముణ్ణి చంకన వేసుకుని బడికి వచ్చేది. "అమ్మ ఆకుకు పోయింది టీచర్, వీణ్ణి పట్టుకోను ఎవురూ లేరు" అనేది. బిడ్డకు అప్పుడు పది నెలలు దాటి ఉంటాయి. ఆమె పుస్తకాల సంచిలో ఒక పాలసీసా, నాలుగు బిస్కెట్లు ఉండేవి. సీసాలో ఉండేది పాలు కాదు, పొద్దున కాచిన టీ. మధ్యాహ్న భోజనం దాకా ఆ బిడ్డకు ఆహారం అదే. భోజనం గంట కొట్టాక తన పళ్లెంలోని పప్పన్నం మెత్తగా పిసికి, తమ్ముడికి ముద్దలు పెట్టి, వాడు తిన్నాక మిగిలినది తాను తినేది. లెక్కలు చెబుతున్నప్పుడు వాడు ఏడిస్తే లేచి వరండాలోకి వెళ్లిపోయేది. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఆ అమ్మాయికి చాలా కాలం రాలేదు. ఆ పాఠం చెప్పిన రోజుల్లో ఆమె ఎక్కువ భాగం వరండాలోనే ఉంది.

శిశు సంరక్షణ కేంద్రం లేకపోవడం ఒక బిడ్డ బాల్యాన్ని మాత్రమే దెబ్బ తీస్తుందని అనుకుంటే లెక్క తప్పినట్టే. అది చిన్నబిడ్డ తిండినీ, పెద్దబిడ్డ చదువునూ ఒకేసారి తీసుకుపోతుంది.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. అనుబంధ పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ, ఆరోగ్య విషయాలు చెప్పడం అనే ఆరు సేవలు దాని కింద వస్తాయి. ఇవాళ దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు ప్రతి బిడ్డకూ రోజుకు 500 కిలో కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలని హక్కుగానే రాసింది. ఇంత పెద్ద వ్యవస్థను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కేంద్రానికి వచ్చి వేడి అన్నం, గుడ్డు తిని, కాసేపు ఆడుకుని, కునుకు తీసి వెళ్లడం పేదవాడలలో ఎంత ఊరటో కళ్లారా చూశాను. లోటు ఉన్నది మూడేళ్ల లోపు పిల్లల దగ్గర. వాళ్లకు కేంద్రంలో చోటు లేదు. వాళ్ల వాటా సరుకు ఇంటికి వెళుతుంది, తినిపించే మనిషి ఇంట్లో ఉండదు.

బాలామృతాన్నే తీసుకుందాం. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన ఆ పొడి నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్‌గా వస్తుంది. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో ఉండలు కట్టకుండా కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పెట్టాలి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తల్లిపాలతో పాటు రోజుకు మూడు నాలుగు సార్లు తిండి పెట్టాలని, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బిడ్డ పొట్ట చిన్నది కాబట్టి ఒకేసారి ఎక్కువ పెట్టి సరిపెట్టడానికి కుదరదు. తల్లి తెల్లవారకముందే ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి పెట్టగలుగుతుంది. మధ్యలో ఉన్న పూటలన్నీ ముసలి అవ్వ మీదో, పసి అక్క మీదో పడతాయి. ఒక ఇంట్లో ఆ పొడిని పెద్దపిల్లలు చేతిలో పోసుకుని చప్పరిస్తుంటే, అవ్వ నాతో అన్న మాట ఇది: "నాకు చూపు ఆనదు తల్లీ, పొయ్యి ముట్టించాలంటే బయం. అందరూ తలా పిడికెడు తింటా ఉండారు, నేను ఎవురిని కాదనేది?" ఆమె మాటలో దాచిందేమీ లేదు. ఆకలిగా ఉన్న ముగ్గురు పిల్లల మధ్య ఒక ప్యాకెట్టు చిన్నవాడి పేరున మాత్రమే ఉండిపోతుందని ఆశించడం పేద ఇంటి సంగతి తెలియనివాళ్లు చేసే పని.

తిండితో పాటే పోయేది మాట. బిడ్డ మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం పేర్కొంది. ఆ ఎదుగుదల అట్టపెట్టెలోని బొమ్మల వల్ల రాదు. బిడ్డ "అ" అంటే ఎదురుగా ఉన్న మనిషి "ఏందిరా నాయనా" అని బదులు పలకడం, చందమామను చూపించి పిలవడం, ముద్ద ముద్దకూ ఒక పేరు పెట్టి తినిపించడం, స్నానం చేయిస్తూ కాళ్లూ చేతులూ లెక్కపెట్టడం వల్ల వస్తుంది. మన అవ్వలకు, అమ్మలకు ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే వచ్చు. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్ల దాకా 'ఆధారశిల' అనే పాఠ్య ప్రణాళికలు విడుదల చేసింది. మూడేళ్లలోపు బిడ్డకూ ఒక ప్రణాళిక అవసరమని ప్రభుత్వం గుర్తించడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే ఆ పనులు చేయడానికి పగటిపూట బిడ్డ పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి కదా! కూలి ఇంట్లో ఒంట్లో సత్తువ ఉన్న పెద్దవాళ్లందరూ పగలంతా పొలంలో, ప్లాంటులో ఉంటారు.

పనిచోటికే బిడ్డను తీసుకువెళ్లే తల్లులూ ఉన్నారు. చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి, పక్కనే ఆకు కర్రలకు అల్లుతూ కూర్చుంటారు. పచ్చి ఆకు పని చేసినవాళ్ల చేతులకు నల్లటి జిగురు అంటుకుంటుంది, ఒట్టి నీళ్లతో కడిగితే పోదు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి తలనొప్పి, వాంతులు తెస్తుంది. ఆ చేతులతోనే బిడ్డను ఎత్తుకుని పాలివ్వాల్సి వస్తుంది. తీరం వైపు రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే యానాది కుటుంబాల పరిస్థితి ఇంకొక తీరు. వాళ్ల గుడిసె చెరువుగట్టు మీదే ఉంటుంది, అంగన్‌వాడీ ఊళ్లో ఉంటుంది. నడిచే వయసు వచ్చిన బిడ్డ చుట్టూ నాలుగు వైపులా నీళ్లే. గట్టు మీద బిడ్డ కాలికి తాడు కట్టి గుంజకు ముడివేసిన తల్లిని చూసి తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

చట్టాలు లేక కాదు ఇదంతా. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 30 మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లల కోసం గది, సంరక్షకురాలు ఉండాలని చెప్పింది. 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే, వాళ్లను చూసుకునే పనిని ఒక మహిళకు అప్పగించి ఆమెకూ కూలి ఇవ్వాలని రాసింది. ఎంత చక్కని నిబంధన! బిడ్డను చూసుకోవడం కూడా కూలి ఇవ్వదగిన పనేనని మట్టిపని చట్టంలో రాసుకున్నాం. కానీ నేను చూసిన పనిచోట్ల దాన్ని అమలు చేసిన చోటు కనిపించలేదు. ఇక పొగాకు పొలం, వరిమడి, రొయ్యల చెరువు ఈ రెండు చట్టాల్లో దేని కిందికీ రాలేదు. మన జిల్లాల తల్లులు అత్యధికంగా పనిచేసేది అక్కడే.

డబ్బు సాయం సంగతి కూడా చూడాలి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు వస్తాయి. ఆ డబ్బుతో బాలింతరాలు ఎన్ని రోజులు కూలికి వెళ్లకుండా ఇంట్లో ఉండగలదో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. మన రాష్ట్రంలో అంతకంటే పెద్ద మొత్తం తల్లుల ఖాతాల్లో పడేది బిడ్డ బడిలో చేరాకే. 2020లో వచ్చిన అమ్మ ఒడి అయినా, 2025లో వచ్చిన తల్లికి వందనం అయినా ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లల కోసమే. బడి పిల్లలకు ఇచ్చే సాయం తగ్గించమని నేను అనను. మొదటి మూడేళ్లలో, అంటే తల్లి ఇంటి పట్టున ఉండటం బిడ్డకు అన్నిటికంటే అవసరమైన కాలంలో, ఇంటికి అందే సాయం అతి తక్కువ అన్న సంగతి మాత్రం అందరూ గమనించాలి.

మూడేళ్లు నిండాక కథ మరో మలుపు తీసుకుంటుంది. అప్పుచేసి అయినా బిడ్డను ప్రైవేటు ఎల్‌కేజీలో వేస్తారు, మెడలో టై వేసి ఆటోలో పంపుతారు. ఆ ఆశను నేను గౌరవిస్తాను. ఒకప్పుడు మార్కాపురం పలకల మీద దిద్దించిన అక్షరాలను ఇప్పుడు నాలుగు గీతల పుస్తకంలో రాయిస్తున్నారు, అంతే తేడా. వేళ్లకు బలం రాని వయసులో పేజీల కొద్దీ రాయించడం కంటే చింతగింజలు కుప్పలు పెట్టించి లెక్కించడం, ఇసుకలో గీయించడం, కథ చెప్పి మళ్లీ చెప్పించడం మేలని ఒకటో తరగతి చెప్పిన ఏ టీచరును అడిగినా చెబుతుంది.

నెల్లూరు జిల్లాకు ఈ విషయంలో సొంత అనుభవం ఒకటి ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం ఇక్కడి కూలి మహిళల దాకా చేరిందంటే, ఆ చదువు రాత్రిపూట, పని ముగిసి వంట అయ్యాక, వాడలోనే జరగడం ఒక ముఖ్య కారణం. ఆ రాత్రి బడుల్లో కూర్చుని మాట్లాడుకున్న ఆడవాళ్లే దూబగుంటలో సారాకు అడ్డం తిరిగారు. అది రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం వచ్చింది. ఆనాడు చదువు చెప్పేవాళ్లు కూలి తల్లి వేళలను చూసి తమ వేళలు మార్చుకున్నారు. అంగన్‌వాడీ వేళలకు మాత్రం ఆ వెసులుబాటు ఇంకా రాలేదు. కేంద్రం తెరిచేసరికి తల్లి పొలానికి చేరి గంటలు గడిచిపోతాయి.

ఈ భారాన్ని ఇప్పుడున్న అంగన్‌వాడీ టీచరు, ఆయా మీదే వేయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బరువులు తూచడం, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు చేయడం, గుడ్ల లెక్క, సర్వేలు, 2025 జూలై నుంచి ఇంటికిచ్చే సరుకుకు ముఖ గుర్తింపు, ఇవన్నీ ఇప్పటికే వాళ్ల పనులు. ఆ ముఖ గుర్తింపుకు కూలికి వెళ్లిన తల్లి పని మానుకుని రావాలి, లేదా టీచరు చీకటిపడ్డాక ఇళ్లకు తిరగాలి. వాళ్లకు వచ్చేది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. దాన్ని పెంచమని 2023 డిసెంబరు నుంచి మరుసటి జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు.

కావలసింది అదనపు మనిషి, అదనపు గంటలు. కేంద్ర ప్రభుత్వం మహిళల కోసం నడిపే మిషన్ శక్తి పథకం కింద 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం నడపడానికి అవకాశం ఇచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలను నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూసుకోవాలన్నది నియమం. దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం 17,000 కేంద్రాలు. 14 లక్షల అంగన్‌వాడీల ముందు ఇది చాలా చిన్న అంకె, ఏడున్నర గంటలూ ఆకు పనికి వెళ్లే తల్లికి చాలవు. అయినా మొదలుపెట్టడానికి ఒక దారి ఉన్నట్టే. పక్కనున్న కర్ణాటక 2023లో గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' పేరుతో ఉపాధి కూలీల పిల్లల కోసం ఇలాంటి కేంద్రాలు తెరవడం మొదలుపెట్టింది.

మన పల్లెల్లో గ్రామసభ జరిగినప్పుడు రోడ్డు, మురుగుకాలువ, వీధిదీపం అడుగుతాం. పొగాకు రెలుపుల నుంచి గ్రేడింగ్ దాకా, నాట్ల నుంచి కోత దాకా, ఉదయం ఐదు గంటలకు తెరిచి సాయంత్రం తల్లులు వచ్చేదాకా నడిచే ఒక గది, ఆ వాడకే చెందిన ఇద్దరు ఆడవాళ్లు, వాళ్లకు నెలనెలా సక్రమంగా కూలి కావాలని కూడా అడగాలి. డ్వాక్రా సంఘాలు ఆ తీర్మానం రాయించగలవు, ఆ ఇద్దరిని ఎంపిక చేయగలవు. ఖర్చులో కొంత వాటా ఆ తల్లుల శ్రమతో నడిచే బ్యారన్ యజమానులూ, చెరువుల యజమానులూ భరించాలని అడగడంలో అన్యాయమేమీ లేదు. గది కోసం వెతకాల్సిన పనిలేదు, చాలా ఊళ్లలో పిల్లలు తగ్గి ఖాళీ అయిన పాత తరగతి గదులు తాళాలు వేసి ఉన్నాయి.