ఆకరి సిప్టు

మన బడి పూర్వ విద్యార్థుల సంచిక కార్యవర్గం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఒక పాత గుడి మండపంలో, తడి కాగితం పరచిన శాసనం ముందు కూర్చుని ఉన్నాను. బడి గురించి, ఊరి గురించి నాలుగు పేజీలు మించకుండా రాయమన్నారు. మరచెంబు సంగతి, వార్షికోత్సవం నాటి గొడుగు సంగతి మన లీడరు ఎలాగూ రాస్తారు కనుక వాటిని వారికే వదిలిపెడుతున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను, చివరికి పదో తరగతిని కూడా దాటి, తొమ్మిదో తరగతిలోని రెండు శనివారాల గురించి, సోషల్ సారు గురించి మాత్రమే రాస్తాను.

భద్రాచలం వెళ్లే యాత్రికులు వంటకు రాళ్లు పేర్చి మంట పెడితే ఆ రాళ్లే అంటుకున్నాయన్న కథ బొగ్గుట్టలో, అంటే మన ఇల్లెందులో, పుట్టిన ప్రతి బిడ్డకూ ఉగ్గుపాలతో వచ్చినదే. సారు ఆ కథను సగంలో ఆపారు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ మన ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించిన వైనం చెప్పి, మన నాయనలలో కింగ్ సీము అనే బొగ్గుపొరలో పని చేసేవారు ఎందరని అడిగారు. చాలా చేతులు లేచాయి, వాటిలో నాదీ ఒకటి. కింగ్ అంటే రాజనీ, క్వీన్ సీము కూడా ఉన్నది కనుక ఇది దానికి జోడీ అనీ మా నాన్న నమ్మేవారు; నేనూ అదే నమ్మాను. ఆ పేరు ఒక మనిషిదని, ఆయన జ్ఞాపకార్థం ఆ బొగ్గుపొరకు పెట్టినదని ఆ పూటే తెలిసింది. రెండో షిఫ్టు దిగి వచ్చిన నాన్నకు ఆ రాత్రి ఈ సంగతి చెబితే, ఆయన అన్నం కలుపుతూ, "అయితే ఇన్నేండ్లూ ఆయన పేరునే తవ్వి టబ్బుల్ల పోసినమన్నట్టు" అన్నారు. మన ఊరి మొదటి స్మారకం భూమి లోపల ఉండేదనీ, దానిని మనవాళ్లే తట్ట తట్టగా పైకి తెచ్చి రైలుకెక్కించారనీ నాకు అర్థమైనది నాన్న మాటతోనే. శాసనాల పనిలో ఎన్నో స్మారకాలు చూశాను కానీ, ఒక ఊరికి అన్నం పెట్టి అరిగిపోయినదానిని మరొకటి చూడలేదు.

సారు చెప్పిన వాటిలో ఇంకొకటి కూడా నన్ను వదలలేదు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడి, 1889లో మన దగ్గర తవ్వకం మొదలుపెట్టింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అన్న పేరు స్థిరపడింది. బొగ్గు ఇల్లెందుది, పేరు పక్కనున్న సింగరేణి గ్రామానిది. తరువాత ప్రధాన కార్యాలయం కొత్తగూడేనికి వెళ్లింది. పుట్టిల్లు అన్న మాట మాత్రం మనకు మిగిలింది. "పేరు ఒక చోట, పని ఒక చోట ఉన్నప్పుడు, రాళ్లను చదివేవాడు రెండు చోట్లకూ నడవాలి" అనేవారు సారు.

ఆ నడకే మొదటి శనివారం. ఊరిలో రాత ఉన్న ప్రతి రాయినీ చదివి రమ్మని తరగతిని అయిదు జట్లుగా విడదీశారు. స్టేషను ఒక జట్టుకు, గుడులు మరొక జట్టుకు, యూనియన్ల జెండా గద్దెలు మూడో జట్టుకు, జగదాంబ సెంటరు నుంచి గోవింద్ సెంటరు వరకు కనబడే శంకుస్థాపన ఫలకాలు నాలుగో జట్టుకు వచ్చాయి. మిగిలినది మూతపడిన ఇంక్లైను, అంటే ఏటవాలు దారిన లోపలికి దిగే గని. అది మన జట్టుకు వచ్చింది. దాని నంబరు నేను రాయనక్కరలేదు, మీకందరికీ తెలుసు. రాతి మీద పలుచని పతంగుల కాగితం పరచి, బొగ్గుతో రుద్దితే అక్షరాలు పైకి తేలుతాయని సారు చేసి చూపించారు. బొగ్గుకు కొదవ లేని ఊరు కనుక మనం గని బొగ్గు ముక్కలే జేబులలో నింపుకొని వెళ్లాము. అది గట్టిది; మూడు కాగితాలను చింపింది గానీ ఒక్క అక్షరం రాలేదు. చివరికి దగ్గరి ఇంట్లో అవ్వను అడిగి పొయ్యిలోని కట్టెబొగ్గు తెచ్చుకున్నాము.

ఇంక్లైను దగ్గర రాయి ఏదీ లేదు. లోపల మిగిలిన బొగ్గుకు గాలి తగిలితే దానంతటదే వేడెక్కి రాజుకునే ప్రమాదం ఉంటుంది కనుక గని నోటికి అడ్డంగా ఇటుక గోడ కట్టి, సిమెంటు పూశారు. గోడ మీద తారుతో రాసిన నంబరు తప్ప చదవడానికి ఏమీ లేదని వెనుదిరుగుతుండగా, మనం ఖలాసీ అని పిలిచే మనవాడు గోడ అడుగున తుమ్మకొమ్మలను పక్కకు లాగి ఆగిపోయాడు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు మేకుతోనో, చీపురుపుల్లతోనో గీసిన రాత అక్కడ ఉంది: వరుసగా అయిదు పేర్లు, వాటి కింద "ఆకరి సిప్టు" అన్న రెండు మాటలు. మూడో పేరు ఖలాసీ వాళ్ల నాన్నది.

రెండో శనివారం జట్లన్నీ కాగితాలను బల్లపై పరిచాయి. సారు ఒక్కొక్కటి చూస్తూ, మనం విడిగా రాసుకొచ్చిన ప్రతులలోని తప్పులను ఎర్ర కలంతో దిద్దారు. మన వంతు వచ్చేసరికి ఖలాసీ తన జేబులోని పెన్సిలు తీశాడు. వాళ్ల నాన్న పేరులో దీర్ఘం పడలేదు. దానిని పెడదామని అతని ఆరాటం. తండ్రి పేరు తప్పుగా ఉన్న కాగితం తరగతి అంతా చూస్తుంటే కొడుకుకు ఎలా ఉంటుందో మనకు తెలుసు. సారు అతని చేయి పట్టుకొని ఆపారు. మేకు పట్టినవాడు ఎట్లా గీశాడో అట్లాగే ఎత్తి రాయాలనీ, మనం దిద్దితే అది మన రాత అవుతుంది గానీ వారి రాత కాదనీ చెప్పారు. ఆ తరువాత ఎర్ర కలానికి మూత పెట్టి, ఆ కాగితాన్ని విలియం కింగ్ పటం పక్కన, సరిగ్గా అంతే ఎత్తులో గోడకు అంటించారు. ఏడాది చివరివరకు అది అక్కడే ఉంది. ఖలాసీ వాళ్ల అమ్మ ఒకనాడు బడికి వచ్చి, చదవడం రాకపోయినా ఆ మూడో వరుస మీద వేలు పెట్టి చూసి వెళ్లడం నేను కిటికీలోంచి చూశాను.

డిగ్రీ, పీజీ సంవత్సరాల గురించి చెప్పవలసినది లేదు. శాసనాల పనిలో శిక్షణకు మైసూరు వెళ్లినప్పుడు మొదటి పాఠంగా నకలు తీయడం నేర్పారు: రాతిని బ్రష్షుతో కడగాలి, తడి కాగితం పరచి గుంటలలోకి దిగేలా బ్రష్షుతో కొట్టాలి, అది కొంత ఆరాక సిరా అద్దాలి, అప్పుడు నల్లని నేల మీద తెల్లని అక్షరాలు లేస్తాయి. రెండో పాఠం: చెక్కినవాడి తప్పును మూలంలో దిద్దరాదు, సవరణ ఏదైనా ఉంటే విడిగా సూచించాలి. నాతోటి వారు అది కొత్తగా రాసుకుంటున్నారు. నేను మన తరగతి గోడను తలుచుకున్నాను. మన వైపుదే అయిన కొరవి శాసనం ముందు మొదటిసారి నిలబడిన రోజున, వెయ్యేళ్ల నాటి తెలుగు వాక్యాలను కూడబలుక్కుంటూ చదువుతుంటే సారు పక్కనుంటే బాగుండునని అనిపించింది. ఇప్పటికి కొన్ని వందల నకళ్లు తీశాను. నా దగ్గర పని నేర్చుకున్నవారు పలు చోట్ల మంచి స్థానాలలో ఉన్నారు. వారిలో ఎవరూ మూలాన్ని దిద్దరు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సంతోషంగా ఉంది.

నాన్న ఒకసారి గని నుంచి తెచ్చిన నల్లని పలక ఇంకా నా బల్ల మీద ఉంది. దానిపై గ్లోసోప్టెరిస్ అన్న చెట్టు ఆకు అచ్చు, ఈనెలతో సహా స్పష్టంగా ఉంది. పాతిక కోట్ల ఏళ్లు దాటిన ఆ ముద్రను చూసినప్పుడల్లా నకలు తీసే విద్య మనుషుల కంటే ముందే మన ఊరి మట్టికి తెలుసని అనుకుంటాను.

గత ఏడాది వెళ్లినప్పుడు ఆ ఇంక్లైను దగ్గర గోడ కనబడలేదు. మట్టి దిబ్బ, దానిపై తుమ్మపొదలు మాత్రమే ఉన్నాయి. కింగ్ పేరు పుస్తకాలలో ఉంది, కంపెనీ పుట్టినరోజు ఏటా డిసెంబరు 23న జరుగుతూనే ఉంది. అయిదుగురి రాత మాత్రం ఇప్పుడు ఆ పతంగుల కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. వీడ్కోలు నాడు సారు దానిని మడవకుండా చుట్టి నా చేతికిచ్చారు. ఆమ్లం లేని కాగితాల నడుమ అది భద్రంగా ఉంది.

బడి ఆవరణలో గురువుల పేర్లతో ఒక శిల నిలపాలని కార్యవర్గం తలపెట్టినట్లు ఫోనులో తెలిసింది. నా వంతు చందా పంపిస్తున్నాను, దానితోపాటు ఒక విన్నపం కూడా. ఆ శిల వెనుక వైపున ఆ అయిదు పేర్లకు, వాటి కిందున్న రెండు మాటలకు చోటివ్వండి. ఖలాసీని అడిగాను, సరే అన్నాడు. నకలు నేనే స్వయంగా తెస్తాను. చెక్కేవారికి ముందుగానే చెప్పి ఉంచండి: మూడో పేరులో దీర్ఘం లేదు, పెట్టవద్దు.